నర్సమ్మ ఇంటికాడ ఆగిపోయిన ప్రార్థన

మా ఊరి గుడి జనాలకు లిస్టు అనేది పనికిరాదు. ఊరికే అనే మాట కాదు, ఒకసారి పెట్టి చూసినాము. గుడ్ ఫ్రైడే ముందర వచ్చే శ్రమ దినాల్లో మా వాళ్లు సాయంత్రం పూట ఇంటింటి ప్రార్థనలు పెట్టుకుంటారు. ఈ పొద్దు ఒకరింట్లో, రేపు ఇంగొకరింట్లో. అయ్యగారు, అంటే మా పాస్టరు, పాపం చదువుకున్న మనిషి కదా, ఒక ఏడు ఏ దినం ఎవురింట్లోనో వరసగా రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టినాడు. "వాళ్ల తర్వాత మాదా?" అని ఒకరు, "మా పేరు అడుగుకు తోసినారు" అని ఇంగొకరు. పొద్దు గూకేలోపల గ్రూపులో మిగిలింది అయ్యగారూ, అమ్మగారూ, గ్రూపులోంచి ఎట్ల బయటపడాలో తెలీని మా నాయనా.

అప్పట్నుంచి పద్ధతి మారిపాయ. రాసేది లేదు. ప్రతి ఇంటోళ్లకూ తమ తర్వాత ఎవురిల్లో అదొక్కటే తెలుస్తాది, వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకుంటారు. ప్రార్థన అయిపోయినాక అయ్యగారు "రేపెవురింట్లోమ్మా?" అంటాడు, ఆ ఇంటామె చెప్తాది. మొదటిల్లు యాడో అయ్యగారికి తెలుసు. మొత్తం వరస మాత్రం ఎవురికీ తెలీదు. కోపాలు లేవు, ఎందుకంటే చూసి కోపం తెచ్చుకునేదానికి కాగితమే లేదు కదా.

నాకైతే శానా నవ్వొచ్చింది. నేను డోన్ కాడ బస్సెక్కి దినామూ కర్నూలుకు పోయి, ఒక ఇంజనీరింగు కాలేజీలో పిల్లోళ్లకు జావా చెప్తా. నేను క్లాసులో గొంతు పోగొట్టుకోని చెప్పే లింక్డ్ లిస్టును మా వాళ్లు కొట్లాడి కొట్లాడి వాళ్లంతట వాళ్లే కనిపెట్టినారు.

"ఆబ్జెక్టును ఒక ఇల్లు అనుకోండ్రా" అని చెప్తాంటి. "దాంట్లో రెండే ఉంటాయి. ఒకటి సొంత సరుకు, ఇంగొకటి నెక్స్ట్, అంటే తన తర్వాతి ఇల్లు యాదో. అట్లాంటి ఇంటికి నోడ్ అని పేరు. అంతకు మించి దానికి లోకం తెలీదు. మొదటి నోడ్ యాడుండాదో హెడ్ చెప్తాది. ఆడ మొదలుపెట్టి ఒకదాన్ని అడిగి ఇంగొకదాని కాడికి నడుచుకుంటా పోవాల్సిందే. నంబర్లేసిన గదుల వరస ఉంటాది కదా, అర్రే, దాని మాదిరి నేరుగా ఏడో గదిలోకి దూకేది లేదు."

"అట్లయితే అర్రేనే మేలు కదా మేడమ్" అన్నాడు యెనక బెంచీ వాడు ఒకడు. వాడెప్పుడూ అంతే, మేలేదో ముందే తెలిసిపోతాది.

"మేలే. వరస మార్చే పని లేకపోతే. నడుమ ఒకరిని చేర్చాలంటే అర్రేలో యెనకుండే వాళ్లందర్నీ ఒక్కో గది జరపాల. ఈడ ఇద్దరితో మాట్లాడితే చాలు. కాకపోతే ఏది ముందో ఏది యెనకో చూసుకోవాల. ముందు కొత్త నోడ్‌కు దాని నెక్స్ట్ ఎవురో చెప్పు. ఆ తర్వాతనే పాత నోడ్ నెక్స్ట్ మార్చి కొత్తదాన్ని చూపియ్యి. ఇది తిరగేసినావంటే యెనకాల వరసంతా తెగిపోతాది. ఉంటాది, కానీ దాని కాడికి పోయే దోవ ఉండదు."

ఈ ముక్క బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కొట్టి, గొంతు చించుకోని చెప్పొచ్చినా. అదే దినం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన. మా యమ్మ, కన్నతల్లి, నా కండ్ల ముందరే తిరగేసింది.

అదెట్లో చెప్పాలంటే ముందు మా అవ్వ సంగతి చెప్పాల. అవ్వ అంటే మా నాయన తల్లి. పెద్ద కొడుకు ఇంట్లో కొన్నాళ్లు, మా ఇంట్లో కొన్నాళ్లు ఉండి, మొన్న మొన్ననే కాలనీలో తన పేరు మీద వచ్చిన ఇంట్లోకి పోయింది. ఒకటే గది. బేతంచెర్ల బండలు పరిపించుకునింది. ఆ బండల మీద పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడిగుడ్డ. చెప్పులతో పోతే అయ్యగారినైనా సరే నిలబెట్టి కడిగేస్తాది. ఇంటింటి ప్రార్థనల్లో అందరూ టీ, గుగ్గిళ్లు ఇస్తే చాలు. చివరి ఇంటోళ్లు మాత్రం అందరికీ సంగటి పెట్టాల. అందుకే చివరిల్లు ఎవురూ అడగరు. మా అవ్వ అడిగి తీసుకునింది. పాలామె "నా తర్వాత ఎవురూ దొరకల్యా" అని ఏడుస్తాంటే "నేనుండా కదమ్మే" అనిందంట.

"ఇన్నేండ్లూ కొడుకుల ఇండ్లల్లో వండి కోడండ్ల చేతికిస్తి" అని నాతో అనింది. "ఒక్కసారన్నా నా గడప లోపల, నా చేత్తో, పది మందికి ముద్ద పెట్టాల పాపా. గుడ్ ఫ్రైడే లోపల ఈడికి ప్రార్థన రావాల." ఇంగేం కావాల్నో ఆ ముసల్దానికి నేనెప్పుడూ విన్ల్యా. అదొక్కటే అడిగింది.

ఇప్పుడు మా యమ్మ చేసిన ఘనకార్యం. మా ఇంటి తర్వాత మా పెదనాయన ఇల్లు. అంటే నాయనకు అన్న, అమ్మకు బావ, అవ్వకు పెద్ద కొడుకు. రైల్వేలో చేసి రిటైరైనాడు. ఆయన ఇంటికి సున్నం వేయించి, షామియానా అంగట్లో కుర్చీలకు చెప్పి పెట్టుకోని, మా ఇంట్లో ప్రార్థనకొచ్చి ముందు వరసలో కాళ్లు మడిచి కూర్చున్నాడు. పక్కనే కొత్తగా వచ్చిన నర్సమ్మ. కడప పక్క మనిషి, మా ఊరి ఆసుపత్రికి బదిలీ అయ్యొచ్చింది. మొగుడు తుమ్మలపల్లె గనిలో పని, ఆదివారం ఆదివారం వస్తాడు. ఒక్కతే ఉంటాది పాపం అని మా యమ్మకు ఆ పిల్ల మీద ప్రాణం.

అయ్యగారు "రేపెవురింట్లోమ్మా?" అన్నాడు. అమ్మ ఆ పిల్ల మొగం చూసింది, కరిగిపోయింది. "రేపు నర్సమ్మ ఇంట్లో!" అనింది.

అమ్మ మనసులో ఉండేది మంచిదే. నర్సమ్మను నడుమ చేర్చాల, ఆమె తర్వాత బావ ఇల్లు రావాల. కానీ నర్సమ్మకు ఆ మాట చెప్పల్యా. పెదనాయనకు చెప్పల్యా. నెక్స్ట్ మార్చేసి కూర్చునింది. నేను "అమ్మా, ఆగు" అనేలోపల పెదనాయన లేచి, టవలు దులిపి భుజానేసుకోని, పలకరించకుండా పాయ. గేటు దాటినాక "మా ఇంటికొస్తే మైలనా?" అని వీధి మొత్తానికీ వినపడేట్టు అన్నాడు.

"చెప్తాంటి కదా, చెప్పేలోపల లేస్తే నేనేం జేసేది!" అని అమ్మకు రోషమొచ్చె. "చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోనోడికి నేను నీళ్లు మోసుకపోవాల్నా? నేను పోను."

మా నాయనను కదిలిస్తే, ఆ పక్క అన్న, ఈ పక్క పెండ్లాము, పశువులకు మేతెయ్యాలని దొడ్లోకి పాయ. మాకు పశువుల్లేవు.

మర్నాడు నర్సమ్మ ఇంట్లో ప్రార్థన బ్రహ్మాండంగా జరిగింది. టీ, గుగ్గిళ్లు కాదు, కడప కారందోసెలు పోసింది. ఎర్రకారం, పైన పప్పుల పొడి, అంచుల్లో నెయ్యి. మా ఊళ్లో జనం వాక్యం కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ విన్ల్యా. అంతా అయినాక అయ్యగారు మూతి తుడుచుకోని "రేపెవురింట్లోమ్మా?" అన్నాడు.

నర్సమ్మ బిత్తరపోయింది. ఆమెకెవురు చెప్పినారని? అందరూ ఆమెనే చూస్తాండారు. మా యమ్మ పైకప్పు చూస్తాంది. పాపం, మర్యాద తెలిసిన పిల్ల, "అందరికీ ఇష్టమైతే మళ్ల మా ఇంట్లోనే" అనింది.

"ఆమెన్!" అన్నారు అందరూ. అంత గట్టి ఆమెన్ ఈస్టరుకు కూడా రాదు.

తన నెక్స్ట్ తనే అయిన నోడ్ ఎట్లుంటాదో బోర్డు మీద గీసి చూపించేదాన్ని. గుండ్రంగా ఒక బాణం, తిరిగి దాని మీదికే. "ప్రోగ్రాం ఆగదు, తిరుగుతానే ఉంటాది, ల్యాప్‌టాప్ కాలిపోతాది" అని. ఆ వారం నర్సమ్మ ఇంట్లో కాలింది పెనం. దినామూ ప్రార్థన, దినామూ దోసెలు, దినామూ అదే ప్రశ్న, అదే జవాబు. ఎప్పుడూ గుడికి రానోళ్లు కూడా బైబిలు సంకలో పెట్టుకోని వస్తాండారు. నేను అయ్యగారిని పట్టుకోని "మీరన్నా చెప్పండి" అంటే, "నాకెందుకు పాపా, ఒకసారి చెప్పి చాలు అనిపించుకున్యా" అని, "కారం కొంచెం ఎక్కువైతే ఇంగా బాగుంటాది కదా?" అన్నాడు.

ఒక పొద్దున బస్టాండులో నర్సమ్మ నన్ను పట్టుకునింది. కండ్లల్లో నీళ్లు. "మేడమ్, పిండి రుబ్బి రుబ్బి చేతులు పడిపోతాండాయి. ఆసుపత్రిలో సూది పట్టుకుంటే వణుకుతాంది. మా ఆయన ఆదివారం వచ్చి బియ్యం డబ్బా చూసి, ఇంట్లో ఎవురిదన్నా పెండ్లా అని అడుగుతాండాడు. ఎట్లయినా తప్పించండి."

సరే, ఈ మాత్రం నేను సరిచెయ్యలేనా అనుకున్యా. తెగిన చోట కట్టేస్తే పాయ కదా. "ఈ సాయంత్రం రేపు మా పెదనాయన ఇంట్లో అని చెప్పు" అన్యా. చెప్పింది. మర్నాడు అందరం పోతే పెదనాయన ఇంటికి తాళం. తాళం ముందర నిలబడి ఒక పాట పాడినాము. పాట అయినాక ఎవురో "పిండి మిగిలుంటాదేమో" అన్నారు. మళ్ల నర్సమ్మ ఇంటికే.

నేను కోపంగా పెదనాయనను వెతుక్కుంటా పోతే టీ అంగడి కాడ కూర్చోనుండాడు. "నర్సమ్మ చెప్తే కాదు. నా ఇల్లు చెప్పాల్సింది మీ యమ్మ. మీ యమ్మ చెప్తేనే" అన్నాడు.

"సరే, మీ ఇల్లు వద్దు. మీ తర్వాత ఎవురిల్లో చెప్పు. వాళ్లింటికి పోతాము."

"చెప్పను."

చెప్పడు. ఆయన నెక్స్ట్ ఆయన కడుపులో ఉండాది, ఆయన నోరు తెరిస్తేనే బయటికొస్తాది. ఆబ్జెక్టులో ప్రైవేట్ అని పెట్టినదాన్ని బయటోళ్లు చెయ్యి పెట్టి తీసుకునేదానికి లేదు, దాని మెథడ్ ద్వారానే, అంటే అది జవాబిచ్చే దోవలోనే, అడగాల అని నేనే చెప్తాంటా. దొంగతనం జరక్కుండా భలే కట్టుదిట్టం అని మెచ్చుకుంటాంటా కూడా. ఆ పొద్దు టీ అంగడి కాడ ఆ కట్టుదిట్టాన్ని తిట్టుకున్యా.

ఇంగ నాకు మిగిలింది ఒకటే. అవ్వ కాడికి పోయినా. "అవ్వా, నర్సమ్మతో నేరుగా నీ ఇల్లే చెప్పిస్తా. నడుమ ఇండ్లు వదిలేద్దాం."

అవ్వ బండలు తుడుస్తాంది. తుడిచేది ఆపి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "నడుమున్నోళ్లు ఏం పాపం చేసినారే? వాళ్లూ ఊడ్చుకోని, గుగ్గిళ్లు నానేసుకోని కూర్చోనుండారు. వాళ్ల తలల మీద కాళ్లేసి వచ్చే ప్రార్థన నాకొద్దు."

"గుడ్ ఫ్రైడే వచ్చేస్తాంది కదవ్వా!"

"వస్తే రానీ." అని మళ్ల తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే తుడుస్తాంది. నేను ఇంటికొచ్చేసినా. ఇంట్లో ఎవురి మీద అరవాలో తెలీక మా యమ్మ మీద అరిచినా, ఆమె నా మీద అరిచింది, నాయన మళ్ల లేని పశువులకు మేతేసేదానికి పాయ.

బుధవారం వచ్చె. గురువారం రాత్రి గుడిలో ఆరాధన, శుక్రవారం గుడ్ ఫ్రైడే. ఇంటి ప్రార్థనలకు ఆ ఒక్క సాయంత్రమే. పొద్దున నేను బస్సుకు పోతాంటే అవ్వ వాకిట్లో రాగిపిండి జల్లిస్తాంది. "ఈ పొద్దు సంగటికి ఎసరు పెడ్తా" అనింది. "వస్తే తింటారు. రాకపోతే కుక్కలు తింటాయి." నవ్వుతానే అనింది. కర్నూలు చేరేదాకా ఆ నవ్వు నన్ను తినేసింది.

ఆ దినం క్లాసులో నోడ్ తీసేసేది చెప్తాండా. ఒక ఆడపిల్ల చెయ్యెత్తింది. "మేడమ్, నడుమ నోడ్‌కు తన యెనకాల చివరిదాకా ఎవురెవురుండారో తెలుస్తాదా?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? తెలీదు. నెక్స్ట్ ఒక్కటే తెలుస్తాది. ఆ తర్వాత నల్, అంటే ఉత్త శూన్యమే ఉండాదో, నాలుగు ఊర్లుండాయో దానికేం..."

మాట ఆడనే ఆగిపాయ. ఓరి దేవుడా. పెదనాయనకు తెలీదు. చివరిల్లు అవ్వదని మా ఇంట్లో అందరికీ తెలుసు గాబట్టి ఆయనకూ తెలుసనుకున్యాము. తెలిసీ పంతం పట్టినాడు, ఏం కొడుకు ఈయన అని నేను లోపల లోపల తిట్టుకుంటాండా కూడా. ఆయనకు చెప్పిందెవురు? పాలామె అవ్వతో అనింది, అవ్వ మాతో అనింది. ఆ మాట మా ఇంటి కోపం దాటి ఆయన గడపకు పోల్యా.

మార్కరు మూత కూడా పెట్టకుండా హెచ్‌వోడీ కాడ సగం రోజు లీవడిగి, బస్సులో నిలబడి ఊరికొచ్చినా. నేరుగా పెదనాయన ఇంటికి. తెచ్చిన కుర్చీలు తిరిగియ్యకుండా వరండాలో ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టుకోనుండాడు. మనిషి వాటిల్లో పైదాని మీద చెయ్యేసి ఊరికే నిలబడుకోనుండాడు.

"మళ్ల వచ్చినావా? మీ యమ్మ వస్తేనే అని చెప్పినా కదా."

"అమ్మ సంగతి అట్లుండనీ పెదనాయనా. చివరిల్లు ఎవురిదో తెలుసా నీకు?"

"నాకెందుకు తెలుస్తాది? నా తర్వాత టైలరు ఇల్లు. అంతవరకే నాకు తెలుసు." చెప్పకూడదని పంతం పట్టిన మాట అట్ల జారిపాయ.

"మీ యమ్మది."

ఆయనకు అర్థం కాల్యా. నేను మళ్ల చెప్పినా. "అవ్వది. కొత్తింట్లో సంగటి పెట్టాలని అడిగి తీసుకునింది. ఇప్పుడు పొయ్యి మీద ఎసరు కాగుతాంది. మీరొస్తే మనుషులకంట, రాకపోతే కుక్కలకంట."

మనిషి కుర్చీ దింపుకోని దాంట్లో కూలబడినాడు. "నాకెవురూ చెప్పల్యా కదమ్మా" అన్నాడు. ఇంగోసారి అదే అన్నాడు. ఆ పెద్ద మీసాల మనిషి గొంతు అంత చిన్నగా ఉంటాదని నాకు తెలీదు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోల్యా.

ఆ తర్వాత ఆయన నడిచిన నడక చూడాల. టవలు కూడా మర్చిపోయి మా ఇంటికొచ్చి, గేటు కాడ నిలబడి, "ఏమ్మా, ఈ పొద్దు ప్రార్థన మా ఇంట్లో. నేనే చెప్తాండా. రా" అన్నాడు. మా యమ్మ కొంగు సర్దుకోని, "పిలిచే మొగం చూడు, అప్పు వసూలుకొచ్చినట్లుండాది. లోపలికి రా బావా, టీ తాగిపో" అనింది. దినాల తరబడి నలిగిన పంచాయితీ అంతటితో అయిపాయ. ఈ మాత్రం దానికి నేను లీవు పెట్టి రావాల్సొచ్చె.

మిగిలింది ఒక్క సాయంత్రం, ఇండ్లు నాలుగు. అయ్యగారు తల గోక్కుంటాంటే పెదనాయన "ఇంటికొక పాట, ఒక ప్రార్థన. నడుస్తా పోదాం" అన్నాడు. పొద్దుండంగానే బయలుదేరినాము. పెదనాయన ఇంట్లో పాట. ఆయనే "తర్వాత టైలరిల్లు" అని లేచి ముందు నడిచినాడు. టైలరు ఇంట్లో పాట. టైలరు "తర్వాత పాలామె ఇల్లు" అన్నాడు. ఒకరిని అడిగి ఇంగొకరి కాడికి, నేను బోర్డు మీద గీసే బాణాలన్నీ మా వీధుల్లో చెప్పులేసుకోని నడుస్తాండాయి. అందరికంటే ముందు నర్సమ్మ, చేతులు ఊపుకుంటా, జైలు నుంచి విడుదలైనట్లు.

కాకపోతే ఇంటికొక టీ, ఇంటికొక గుగ్గిళ్ల పొట్లం. ఎవురింట్లో తినకపోతే ఎవురికి కోపమో. పాలామె పైగా గ్లాసు గ్లాసు పాయసం పోసింది. అవ్వ ఇంటికి చేరేసరికి అయ్యగారు బెల్టు ఒక చిల్లు వదులు చేసుకోనుండాడు. ఒక్క పెదనాయన మాత్రం దారిలో ఏమీ ముట్టుకోల్యా. ఇస్తే వద్దని చెయ్యడ్డం పెట్టినాడు.

అవ్వ గడపలో నిలబడుకోనుండాది. ఉతికిన తెల్లచీర. తలుపుకానుకోని, వచ్చేవాళ్ల మొగాలన్నీ ఒకటొకటే చూసుకుంటా, "చెప్పులు బయట, చెప్పులు బయట" అనింది. కండ్లెమ్మట నీళ్లు కారతాండాయి, అదొక్కటే అంటాంది. ఆ ఒక్క గదిలో పట్టినోళ్లు పట్టినారు, మిగిలినోళ్లు వాకిట్లో. అవ్వను ప్రార్థన చెయ్యమంటే "తండ్రీ, వచ్చినారు" అనింది. అంతే ప్రార్థన.

అప్పుడు సంగటి బయటికొచ్చింది. తప్పేలాలో కొండ మాదిరి. పక్కన ఊరుబిండి పచ్చడి, పప్పు, ఎర్రగడ్డలు. జనం ఒకరి మొగమొకరు చూసుకున్నారు. ఆవలింత వచ్చినా గుగ్గిళ్లు బయట పడేట్లుండాయి. అవ్వ చేతిలో ముద్ద పట్టుకోని చూస్తాంది, ఎవురూ కూర్చోల్యా.

పెదనాయన చెయ్యి కడుక్కోనొచ్చి ఆ బండల మీద, గోడకానుకోకుండా, బడికి పోయే పిల్లోడి మాదిరి కూర్చోని విస్తరి ముందరికి లాక్కున్నాడు. ఆయన తినేది చూసి అయ్యగారు కూర్చున్నాడు. తర్వాత టైలరు. తర్వాత మా యమ్మ. యాడ పట్టిందో ఏమో, అందరూ తిన్నారు.

అవ్వ తిరిగి తిరిగి వడ్డించి పెద్ద కొడుకు ముందర ఆగింది. పెదనాయన అలిగిన సంగతి ఆమెకు నేను చెప్పల్యా, ఎవురు చెప్పినారో మరి.

"ఒరే" అనింది. "అలిగితే అలిగినావులే, మనిషన్నాక అలుగుతాడు. యెనకాల ఎవురుండారో చూసుకోని అలగాలప్పా."

ఆయన తలెత్తల్యా. ముద్ద అయిపోయిన విస్తరిని రెండు చేతులా పట్టుకోని ఆమె ముందరికి జరిపినాడు.